మా లెక్కలో గాలి

శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజు మా హాస్టల్ మేడ నిండిపోతుంది. తూర్పున నిప్పుచుక్క కనిపిస్తే చాలు, అందరం కేకలు వేస్తాం. "పైకి పోయింది సరే, కిందికి ఎట్లా వస్తుంది నాయనా?" అని మాలో ఒకరి అమ్మ అడిగింది. కూలికి పోయే ఆ తల్లి ప్రశ్నే మా ముగ్గురి ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు అయింది.

2007 జనవరి 10న పీఎస్ఎల్వీ-సీ7 మోసుకెళ్ళిన 550 కిలోల ఎస్ఆర్ఈ-1 గుళిక, 22న బంగాళాఖాతంలో క్షేమంగా దిగింది. అట్లాంటి గుళిక చుట్టూ గాలి ఎట్లా పారుతుందో కంప్యూటర్లో లెక్కగట్టాలి. గాలిని ఏ రకం వాయువుగా తీసుకోవాలని సాఫ్ట్‌వేర్ మొదటే అడిగింది. మేము ఆలోచించకుండా ఆదర్శ వాయువు అని, విశిష్టోష్ణాల నిష్పత్తి 1.4 అని పెట్టేశాం. అరువు లాప్‌టాప్ మూడు రాత్రులు నడిచింది. ధ్వనికి 20 రెట్ల వేగంలో గుళిక ముందు వేడి 18 వేల కెల్విన్లు దాటింది. రంగుల బొమ్మ చూసి మురిసిపోయాం.

"సూర్యుడి ఉపరితలమే సుమారు 5,800. దానికి మూడింతలా?" అన్నారు సారు. మాకు నోట మాట రాలేదు. అప్పటికి గడువు పది రోజులే.

వేగాన్ని 3 రెట్లకు తగ్గిస్తే ఆ 1.4 సరిపోతుంది, తప్పూ బయటపడదు. ఆ ఆశ మాకూ కలిగింది. కానీ అమ్మ అడిగింది ఆ ప్రశ్న కాదు కదా!

జవాబు హాస్టల్ వంటింట్లోనే ఉంది. ఎసరు మరిగాక ఎంత మంట పెట్టినా నీళ్ళ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. మిగతా వేడి నీటిని ఆవిరి చేయడానికి పోతుంది. గాలీ దాదాపు అంతే. మామూలు పీడనంలో సుమారు 2,500 కెల్విన్లు దాటితే ఆక్సిజన్ అణువులు, 4,000 దాటితే నైట్రోజన్ అణువులు పరమాణువులుగా విడిపోవడం మొదలవుతుంది. శక్తి అక్కడ ఖర్చవుతుంది. అందుకే అపోలో తిరిగొచ్చిన వేగానికి ఆదర్శ వాయువు 58 వేల కెల్విన్లు చూపిస్తే, రసాయన చర్యలు కలిపిన లెక్క సుమారు 11,600 చూపిస్తుంది.

మేము చర్యలు జరిపే గాలిని ఎంచుకుని మళ్ళీ మొదలుపెట్టాం. వేడి 6 వేల లోపుకు దిగింది. పాత బొమ్మను కూడా 'మా తప్పు' అనే పేరుతో నివేదికలో ఉంచాం.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! కంప్యూటర్ మనం చెప్పిన గాలినే లెక్కగడుతుంది. ఏ గాలి చెప్పాలో తెలుసుకోవడమే మన చదువు.