ఎదుటోడు ఆగే ఆట

వంతు అనే మాటకి ఊళ్లో ఒక అర్థం, మా పల్లెలో ఇంకో అర్థం. ఊళ్లోవాళ్లకి వంతంటే కాలవ నీళ్లు తమ చేలోకి ఎప్పుడొస్తాయన్న లెక్క. మాకు వంతంటే ఆగడం. బోరింగు కాడ ఆగడం, రేషన్ షాపు కాడ ఆగడం, కోతల కూలి డబ్బులకి పొద్దుగూకేదాకా ముఠా మేస్త్రి అరుగు కింద ఆగడం. మాది మార్టూరుకీ చిలకలూరిపేటకీ మధ్య ఒక ఊరు. నల్లరేగడి, పత్తి, మిరప. నాన్న పత్తికి మందు కొట్టేవాడు. అమ్మ మిరపకాయ కోతలకి పోయేది. కోతల నెలల్లో అమ్మ మాకు అన్నం కలిపి పెట్టేది కాదు. తన చెయ్యి తగిలితే మా నోళ్లు మండుతాయని.

ఇట్టాంటి చోటు నుంచి వచ్చినోడు కంప్యూటర్ ఆటల మీద రాయడమేందని మీలో కొందరికి అనిపించొచ్చు. ఉద్యమంలో ఉన్న పెద్దలు ఒకరిద్దరు నా మొహం మీదే అన్నారు. ఆకలి గురించి రాయి, అంటరానితనం గురించి రాయి, ఆటలెందుకు అని. మేం ఆడుకోలేదా? మాకు ఆటలుండవా? మా ఆటల్లో కూడా కులం ఎట్టా దూరిందో చెప్పొద్దా?

రోల్ ప్లేయింగ్ గేములని ఉంటాయి. ఆడేవాడు ఒక మనిషి వేషం కట్టి, బలమూ ఆయుధమూ పెంచుకుంటూ ఒక కథ వెంట పోతాడు. వీటన్నిటికీ తల్లి 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్. అది బల్ల చుట్టూ కూర్చుని కాగితాలు, పాచికలు పెట్టుకుని ఆడేది. అందులో కొట్లాట వంతులవారీగా సాగుతుంది. నేను కొట్టేదాకా నువ్వు ఆగాలి, నువ్వు కొట్టేదాకా నేను ఆగాలి. 1986లో జపాన్‌లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్, ఆ మరుసటేడు వచ్చిన ఫైనల్ ఫాంటసీ కంప్యూటర్ తెర మీద ఇదే పద్ధతి నడిపాయి. దీన్నే టర్న్ బేస్డ్ అంటారు. రెండో పద్ధతి రియల్ టైమ్. అందులో ఎవరి కోసం ఎవరూ ఆగరు. చెయ్యి చురుగ్గా ఉన్నోడు బతుకుతాడు. ఏది గొప్ప అని ఆడేవాళ్ల మధ్య ఏళ్ల తరబడి తగాదా.

నాకు మొదటి పద్ధతి కొత్తగా అనిపించలేదు. మా చర్చి అరుగు మీద బొగ్గుతో గీసిన పులిజూదం ఉండేది. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీంచి దూకి చంపుతుంది. మేక ఎవర్నీ చంపలేదు. మేకలన్నీ కలిసి పులుల్ని కదలకుండా కట్టేస్తే అదే వాటి గెలుపు. తాత ఎప్పుడూ మేకల వైపే కూర్చునేవాడు, తరచూ గెలిచేవాడు కూడా. పులి దూకేసి మళ్లీ వెంటనే దూకకూడదు గదా. మధ్యలో ఒక మేక కదలాలి. ఆ ఒక్క సందులోనే తాత బతుకంతా ఉండేది. ఆ సందు తీసేస్తే పదిహేను కాదు, వంద మేకలున్నా ఏం లాభం?

2003లో గుంటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నప్పుడు నెట్ సెంటర్‌కి పోవడం మొదలైంది. గంటకి పదిహేను రూపాయలు. కుర్రాళ్లంతా కౌంటర్ స్ట్రైక్ మీద పడేవాళ్లు. నేను మూల కంప్యూటర్లో పోకెమాన్ ఆడేవాణ్ణి. 1996లో జపాన్‌లో చేతిలో పట్టుకునే గేమ్‌బాయ్ కోసం వచ్చిన ఆట అది. ఎవడో దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టాడు. పూర్తిగా వంతుల ఆట. నేను బొమ్మ ముందు కూర్చుని ఎంతసేపు ఆలోచించినా ఎదుటిది నన్ను కొట్టదు. కాకపోతే గోడ మీద గడియారం తిరుగుతూనే ఉంటుంది. ఆలోచనకి కూడా అద్దె కట్టాలి. ఇంట్లో కంప్యూటరున్నోడికి టర్న్ బేస్డ్ అంటే తీరిక. నాకు నిమిషానికి పావలా.

ఇంకో సంగతి. ఆటలో నా వంతు ఎవడూ లాక్కోలేడు. కుర్చీలో నా వంతు మాత్రం ఎవడైనా లాక్కోవచ్చు. నేనెవరో, ఏ హాస్టల్లో ఉంటానో ఆ సెంటర్ నడిపేవాడికి తెలుసు. బైకుల మీద వచ్చే కుర్రాళ్లు నలుగురు తలుపు తోసుకుని రాగానే నా భుజం తట్టేవాడు. "లే, వీళ్లకి టైమవుతుంది." నాకింకా అరగంట ఉందంటే రేపు వచ్చి ఆడుకోమనేవాడు. మర్నాడు పోతే నేను సేవ్ చేసుకున్న ఫైలు ఉండేది కాదు. ఎవడు చెరిపాడంటే ఎవడూ చెప్పడు. అట్టా ఒకే ఆట మొదటి ఊరు నుంచి ఏడుసార్లు మొదలుపెట్టా.

మా చిన్నాన్న కొడుకు నాకంటే మూడేళ్లు చిన్న. వాడు రియల్ టైమ్ మనిషి. వాడి ప్రాణం డయాబ్లో. ఆ ఆటకో కథ ఉంది. డేవిడ్ బ్రెవిక్ అనే ఆయన దాన్ని మొదట వంతుల ఆటగానే రాశాడు. రియల్ టైమ్ చెయ్యమని పైవాళ్లు పట్టుబట్టారు. ఇష్టం లేకుండానే కూర్చుని ఒక్క మధ్యాహ్నంలో మార్చేశానని ఆయనే తర్వాత చెప్పాడు. ఎట్టా మార్చాడు? వంతులు తీసెయ్యలేదు. అవి వాటంతట అవే సెకనుకి ఎన్నోసార్లు తిరిగేట్టు పెట్టాడు. అంతే. అంటే లోపల వంతులు ఉండనే ఉన్నాయి, నీ కోసం ఆగడం మాత్రం మానేశాయి. ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మనకీ రాజ్యాంగంలో వంతు ఉంది. మనం చెయ్యి ఎత్తేలోపు అది తిరిగిపోతుంది.

2009లో పాత కంప్యూటరొకటి కొని ఇంటికి తెచ్చా. అమ్మ కల్లం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని నా వెనక నిలబడింది. తెర మీద కత్తి పట్టుకుని రాక్షసుడు ఊగుతున్నాడు.

"ఏందిరా, వాడు కొట్టకుండా నిలబడ్డాడేంది?"

"నా వంతమ్మా. నేను కొట్టేదాకా వాడు ఆగాలి."

"ఎవుడు చెప్పాడు వాడికి ఆగమని?"

ఆట రూల్ అన్నా. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటా నవ్వింది. "బాగుంది ఆట" అని పొయ్యి కాడికి పోయింది.

ఆ ఫైనల్ ఫాంటసీల్లోనే నాలుగోది 1991లో వచ్చింది. హిరోయుకి ఇటో అనే ఆయన అందులో కొత్త పద్ధతి పెట్టాడు. వంతు ఉంటుంది, గాని నువ్వు ఏం చెయ్యాలా అని చూస్తున్నంతసేపూ ఎదుటోడికి కూడా టైము నిండుతానే ఉంటుంది. ఆలస్యం చేస్తే కొట్టేస్తాడు. 1991 అనగానే మా జిల్లాలవాళ్లకి ఆట గుర్తురాదు. అప్పటి గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న చుండూరు గుర్తొస్తుంది. సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు కుర్చీవాడికి తగిలిందన్న కాడ మొదలైంది. ఆగస్టు 6న, ఊళ్లో పోలీసులు ఉండగానే, ఎనిమిది మందిని తరిమి తరిమి చంపారు. గోతాల్లో కట్టిన శవాలు కాలవలో దొరికాయి. నాకప్పుడు ఏడేళ్లు. మా పల్లెలో మగోళ్లు రాత్రిళ్లు చాలా రోజులు నిద్రపోలేదు.

మా తమ్ముడి వాదమంతా ఇక్కడే ఉంది. "అన్నా, వాళ్లు కొట్టింది రియల్ టైమ్‌లో. మనకిచ్చింది టర్న్ బేస్డ్. వాయిదా మీద వాయిదా" అంటాడు. నిజమే. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. పదహారేళ్లు పట్టింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. "వాడు కత్తి ఎత్తాక నీ వంతు వచ్చేదాకా ఆగుతాడా? ఆగని ఆటే నేర్చుకోవాలి మనం. ఆగే ఆట అలవాటైతే చస్తాం." వాడి మాట తేలిగ్గా కొట్టేయలేను.

నేను కారంచేడు సంగతి ఎత్తుతా. 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు ఊరొదిలి చీరాల చేరారు. ఆ రాత్రికి ఆ రాత్రే తిరిగి కొట్టి ఉంటే ఏమయ్యేది? ఎవరు మిగిలేవాళ్లు? వాళ్లు చీరాలలో కూర్చున్నారు. వెనక్కి పోమని తేల్చుకున్నారు. బొజ్జా తారకం, కత్తి పద్మారావు లాంటివాళ్లు కలిశారు. ఆ యేడే దళిత మహాసభ పుట్టింది. ఆ కూర్చునే టైము వాళ్లకి ఎవడిచ్చాడు? ఎవడూ ఇవ్వలా. తీసుకున్నారు. 1998లో వచ్చిన బాల్డర్స్ గేట్‌లో కొట్లాట ఆగకుండా సాగుతుంది, గాని స్పేస్ బార్ నొక్కితే అంతా నిలబడిపోతుంది. అందర్నీ చూసుకుని, ఎవరేం చెయ్యాలో చెప్పి, మళ్లీ వదలొచ్చు. చీరాల గుడారాలు నాకు ఆ స్పేస్ బార్ లాగే కనిపిస్తాయి. తమ్ముడు ఇది ఒప్పుకోడు. "గుడారంలో ఉన్నోళ్లని అడుగు, ఆగిందో లేదో" అంటాడు.

అట్టాగని వంతుల ఆటంటే న్యాయమైన ఆటని నేను చెప్పడం లేదు. మొదటి వంతు ఎవరిది? పోకెమాన్‌లో వేగం లెక్క ఎక్కువున్నది ముందు కొడుతుంది. డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో పాచిక వేస్తారు, చురుకైనోడికి పైన నాలుగు అంకెలు కలుపుతారు. ముందు కొట్టినోడు ఒక్క దెబ్బతో పడేస్తే రెండోవాడికి వంతున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. బోరింగు కాడ మా అమ్మకీ వంతుండేది. అందరి బిందెలూ నిండాక.

2023లో బాల్డర్స్ గేట్ మూడో భాగం వచ్చింది. మొదటి రెండు భాగాల పద్ధతి వదిలి పూర్తిగా వంతులకి మారింది. ఆ యేడు ద గేమ్ అవార్డ్స్‌లో ఏడాది ఉత్తమ ఆట అదే. అదే యేడు వచ్చిన పదహారో ఫైనల్ ఫాంటసీ వంతులు పూర్తిగా వదిలేసి రియల్ టైమ్‌లోకి పోయింది. తమ్ముడికి ఫోన్ చేసి గెలిచింది నేనేనన్నా. అమెరికా వాళ్లు ఇచ్చిన బహుమతితో నాతో వాదించొద్దన్నాడు.

మొన్న వాడే ఇంకోటి పంపాడు. 2025లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన క్లెయిర్ అబ్‌స్క్యూర్. వంతుల ఆటే, గాని ఎదుటోడి వంతులో కూడా నీ చేతులు ఖాళీగా ఉండవు. వాడు కత్తి దించే క్షణం చూసి బటన్ నొక్కితే దెబ్బ తప్పుతుంది, ఇంకా సరిగ్గా నొక్కితే తిరిగి తగులుతుంది. నీ వంతులో ఆలోచించుకో, వాడి వంతులో కళ్లు తెరుచుకుని ఉండు. రాత్రి అమ్మ పడుకున్నాక ఆడుతున్నా. నాకింకా ఆ బటన్ సమయానికి పడటం లేదు. తమ్ముడికి పడుతుంది. వాడికేమో ఆలోచించే వంతులో నిలకడ లేదు, ముందు కనిపించిందే కొట్టేస్తాడు. ఆదివారం ఇంటికొస్తానన్నాడు, ఇద్దరం ఒకే కంప్యూటర్ ముందు కూర్చుందామని.