తలకిందుల అక్షరం

1978లో బి.ఏ.లో చేరేనాటికి నాకు ఇంగ్లీషు బాగా వచ్చనే అనుకునేవాణ్ణి. మా ఊరి హైస్కూల్లో వ్యాకరణంలో నాదే పైచేయి. మొదటి సెమినార్‌లో లేచి ‘ఫొటోగ్రఫీ’ గురించి రాసుకొచ్చిన నాలుగు ముక్కలూ చదివాను. వెనక బెంచీల్లో ఒకటే నవ్వులు. నవ్వుతున్నారని తెలిసింది గాని తప్పేమిటో తెలియలేదు. అదీ నా బాధ.

ఆ సాయంత్రం లైబ్రరీలో డేనియల్ జోన్స్ ఉచ్చారణ నిఘంటువు తీశాను. 1917లో మొదటిసారి అచ్చయిన పుస్తకమది. మాటకెదురుగా అర్థం లేదు, ఏవో వింత గుర్తులున్నాయి! వాటిలో ఒకటి తలకిందులైన ఇంగ్లీషు ‘ఇ’ అక్షరం. మా లెక్చరరు గారిని అడిగాను.

“అది ష్వా అంటారోయ్. నోరు పెద్దగా తెరవకుండా, పెదాలు గుండ్రం చేయకుండా వదిలేసే అచ్చు. మనం ప్రతి అచ్చునీ గట్టిగా పలుకుతాం. వాళ్లు కొన్నింటిని మింగేస్తారు” అన్నారు.

‘ఫొటోగ్రాఫ్’లో ఊనిక మొదటి అచ్చు మీద. ‘ఫొటోగ్రఫీ’లో అది రెండోదాని మీదికి జరుగుతుంది, మొదటిదీ మూడోదీ ష్వాలైపోతాయి. ఊనికకు ముందు వేసిన చిన్న నిలువుగీత ఇదంతా చెప్పేసింది. నా తప్పు నాకు కళ్లారా కనిపించింది.

1886లో పారిస్‌లో కొందరు భాషోపాధ్యాయులు పెట్టుకున్న సంఘం తయారుచేసిన లిపి ఇది. ఇంగ్లీషుకు అక్షరాలు 26. బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో ధ్వనులు 44 అని పాఠ్యపుస్తకాల లెక్క. మరి గుర్తులు కావాలి గదా!

“తెలుగుకైతే ఈ గొడవ లేదు” అన్నాడు నా రూమ్మేటు. “చాప, చిలుక అను చూద్దాం” అన్నాను. రెండు ‘చ’లూ ఒకటి కావు. అందుకే మన పాతవాళ్లు దంత్య చ, జల నెత్తిన చిన్న రెండంకె వేసి చూపించేవారు.

తరవాత నేనూ మేష్టరునయ్యాను. గుర్తులన్నీ బల్ల మీద రాసి కంఠస్థం చేయించాను. పరీక్షలో వాటికి నూటికి నూరు తెచ్చుకున్న ఒకమ్మాయి నోటిపరీక్షలో బెల్లంకొట్టిన రాయిలా నిలబడింది. “గుర్తులు నా చేతికి వచ్చాయి సార్, నోటికి రాలేదు” అంది. సిగ్గుపడ్డాను.

మర్నాడు ఆమె పెదాల ముందు కాగితం ముక్క పట్టుకోమని ‘పిన్’ అనమన్నాను. కాగితం కదల్లేదు. “మన ‘ప’కు వత్తు పెట్టినట్టు కాస్త ఊపిరి వదులమ్మా” అన్నాను. కాగితం రెపరెపలాడింది. ‘స్పిన్’లో మాత్రం ఆ ఊపిరి ఉండదు. నేను నేర్పిన పట్టికలో రెంటికీ ఒకటే గుర్తు! గుర్తు దారి చూపిస్తుంది, నడవాల్సింది నాలుకే. ఆ రోజు క్లాసంతా కాగితం ముక్కలే.

ఇప్పుడు సెల్‌ఫోను నొక్కితే మాట వినిపిస్తుంది. మంచిదే. కాని విన్నదాంట్లో మనకు లేని ధ్వని ఏదో పట్టుకోవాలంటే ఆ తలకిందుల అక్షరం ఇంకా పనికొస్తుంది.

మనం ఇంగ్లీషు దొరలం కానక్కర్లేదు, ఎదుటివాడికి అర్థమైతే చాలు. వెనక బెంచీ మిత్రులకు మాత్రం ఒక్క మనవి: నవ్వితే నవ్వండి. నవ్వాక తప్పేమిటో కూడా చెప్పండి.