మా గల్లీ ముచ్చట్లు – 17: బియ్యం డబ్బాలో బైబిలు



మొన్న ఏప్రిల్ 14న సంగారెడ్డిలో సభ అయిపోయినంక ఒక తమ్ముడు నా దగ్గరికి వచ్చిండు. "అక్కా, మీరు స్టేజీ మీద అంబేద్కర్ గురించి మాట్లాడుతరు. పొద్దున లేస్తే బైబిలు చదువుతరంట. అంతా దేవుడే చూసుకుంటడని నమ్మితే మరి మనం కొట్లాడుడు ఎందుకు?" అని అడిగిండు. ఎగతాళి చేయలేదు, నిజంగనే అడిగిండు. నిలబడి చాయ్ తాగేలోపు చెప్పే జవాబు కాదు. రాస్తానని మాటిచ్చిన. ఇదిగో రాస్తున్న.

మా అమ్మ నుంచి మొదలుపెట్టాలె.

మాది పటాన్‌చెరు పక్కన మాదిగ వాడ. అమ్మ ఇరవై ఏండ్లకు పైగా పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు లేబర్. డ్రమ్ములు కడుగుడు, బస్తాలు మోసుడు, ఫ్లోరు తుడుసుడు. పొద్దటి షిఫ్టు ఉంటే ఆరు గంటలకల్లా గేటు లోపల ఉండాలె. అందుకే నాలుగున్నరకు లేచేది. పొయ్యి మీద అన్నం ఎక్కించి, అది ఉడికేలోపు జీరో బల్బు కింద కూసుండి బైబిలు తెరిచేది. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంట చదివేది. నా రెండో తరగతి వాచకం పక్కన పెట్టుకొని నేర్చుకున్న చదువు అది. ఆమె జీవితంలో మొదటినుంచి చివరిదాకా చదివిన పుస్తకం అదొక్కటే.

అమ్మమ్మకు ఆ కూడబలుక్కునుడు కూడా రాదు. మెదక్ దిక్కు ఊర్లలోకి మిషన్ వాళ్లు పంపే బైబిల్ స్త్రీలు చెప్పింది విని, నోటికి పట్టింది. పాస్నెట్ దొర కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. దానికి మా ముత్తాత రాళ్లు మోసిండని, కూలికి గింజలు తెచ్చి కరువులో ఇల్లు సాదిండని అమ్మమ్మ చెప్పేది. గుడి మెట్టు ఎక్కనియ్యని మనిషిని, గుడి కట్టేటందుకు పిలిచి, కట్టినంక లోపల కూసుండబెట్టిండ్రు. మా ఇంట్ల నమ్మకం అక్కడ మొదలైంది.

కాలేజీకి పోయినంక నాకు ఇదంతా నామోషీ అనిపించింది. నాలుగు పుస్తకాలు చదివిన కదా! "అమ్మా, ఆ పుస్తకం చదివితే నీ కూలి పెరుగుతదా?" అని ఒకరోజు అడిగిన. అమ్మ అన్నం వారుస్తున్నది. "కూలి పెరగదు బిడ్డా. పొద్దుగూకే దాకా నిలబడే బలం వస్తది. రేపటిది రేపు," అన్నది.

ఆమె అన్నది మన్నా గురించి. నిర్గమకాండము పదహారో అధ్యాయం చదివినోళ్లకు తెలుసు. ఐగుప్తులో ఇటుకలు చేసిన బానిసలు బయటపడి ఎడారిలో నడుస్తున్నరు. తిండి రోజూ పొద్దున పడుతది. ఏ రోజుది ఆ రోజు ఏరుకోవాలె. ఆశపడి దాచిపెడితే పురుగులు పడుతయి. రోజుకూలి మనిషికి ఈ లెక్క ఎవరూ వివరించి చెప్పే పని లేదు. కొత్త సంవత్సరం నాడు మందిరంలో వాగ్దానం కార్డులు పంచుతరు, ఏడాదంతా దాన్నే పట్టుకుంటరు చానామంది. అమ్మ కార్డు తీసుకునేది, దాన్ని పేజీల మధ్య గుర్తుకు పెట్టేది. చదువుడు మాత్రం వరుసగానే. ఒక రోజు అరపేజీ, ఓపిక లేని రోజు నాలుగు ముక్కలు. మంచి మాట దొరికేదాకా పేజీలు తిప్పుడు ఉండేది కాదు.

వరుసగా చదువుతది కాబట్టి ఆమెకు దొరికినవి వేరే. 1970ల నుంచి మా దిక్కు కంపెనీలు వచ్చినయి. నక్కవాగు రంగు మారింది. చేపలు తేలినయి. బోరు నీళ్లు పసుపుపచ్చగ వచ్చేవి, పొలానికి పెడితే నారు మాడేది. డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు పటాన్‌చెరులో రోగులను చూసుకుంటనే ఊర్లను కూడగట్టి ఈ కాలుష్యం మీద పోరాడిండు. 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ కాలంలో అమ్మ నైలు నది నీళ్లు చెడి, చేపలు చచ్చి, కంపు కొట్టిన అధ్యాయం చదివి, "ఇది మన వాగే కదా" అన్నదట. ఇంకొన్నాళ్లకు ఎలీషా కథ వచ్చింది. యెరికో ఊరోళ్లు వచ్చి, ఊరు మంచిదే గాని నీళ్లు మంచియి కావు, భూమి పండుత లేదు అని చెప్పుకుంటరు. అమ్మకు అందులో నచ్చింది అద్భుతం కాదు. "ఊరోళ్లు పోయి చెప్పుకున్నరు సూడు. చెప్పుకుంటెనే గదా ఆయన లేచింది," అనేది. ట్యాంకరు నీళ్ల కోసం మండలాఫీసు ముందు ఖాళీ బిందెలతోటి కూసున్న ఆడోళ్లలో మా అమ్మ ముందు వరుసలో ఉన్నది. నేను అప్పుడు ఆమె కొంగు పట్టుకొని ఉన్న.

ఇప్పుడు బియ్యం డబ్బా సంగతి.

ఇంటర్ పాసైన ఏడు కులం సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టిన. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఉన్నది. హిందువు కానోడు ఎస్సీ కాడని రాసిండ్రు. 1956లో సిక్కులను చేర్చిండ్రు, 1990లో బౌద్ధులను చేర్చిండ్రు. క్రైస్తవులను, ముస్లింలను బయటనే పెట్టిండ్రు. మన దగ్గర క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలను బీసీ-సీ అని ఒక్క శాతంలో వేసిండ్రు. చెరువు కాడ, హోటల్ కాడ, కిరాయి ఇల్లు అడిగేకాడ మాదిగవే. ఆఫీసు కాయితం మీద మాత్రం దేవుణ్ని మార్చుకున్నవు కాబట్టి నీ కులం పోయిందంటరు.

విచారణకు సారు వస్తున్నడని తెలిసింది. పక్కింటి పెద్దమ్మ ఉరికొచ్చి, "ఆ పుస్తకం కనబడనియ్యకు, పిల్ల చదువు ఆగిపోతది" అన్నది. అమ్మ చేతులు వణికినయి. గోడ మీది క్యాలెండర్ తీసింది. బైబిలును పాత చీరముక్కలో చుట్టి బియ్యం డబ్బాలో అడుగుకు పెట్టింది.

సారు వచ్చిండు. గడప దాటలేదు. కుర్చీ బయట వేయమన్నడు. అమ్మ నీళ్లు ఇస్తే, వద్దమ్మా అని ముట్టలేదు. వాకిట్లనే రెండు మాటలు అడిగి, రాసుకొని పోయిండు. మేము మాదిగోళ్లమని ఆయనకు రుజువు అవసరం పడలేదు. ఆయన నడతే రుజువు. ఎవరు, ఏ ఆఫీసు అన్నది రాయను, అట్లాంటోళ్లు చానామంది ఉన్నరు.

ఆ రాత్రి అమ్మ డబ్బాలోంచి పుస్తకం తీసింది. తౌడు దులిపింది. "దాచిపెట్టిన, మాఫ్ చేయి" అన్నది. మరి ఆ రోజు వరుసలో వచ్చిందో, ఏరి తీసిందో నాకు తెల్వదు. యోహాను సువార్త చివరి అధ్యాయం చదివింది. పేతురు భయపడి, ఆయన ఎవరో నాకు తెల్వదని మూడుసార్లు అన్నడు కదా. లేచినంక యేసు ఒడ్డున నిప్పు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టి, ఆ పేతురును తినమని పిలుస్తడు. "సూసినవా, భయపడ్డోనికి గూడ అన్నం పెట్టిండు," అని అమ్మ ఏడ్చింది. నేను ఆమె పుస్తకాన్ని ఎగతాళి చేసుడు ఆ రాత్రి బంద్ చేసిన. చదువుడు మాత్రం మొదలుపెట్టలేదు.

అది 2025 జూన్ 30 తర్వాత మొదలైంది.

ఆ సోమవారం పొద్దున పాశమైలారంలో పేలుడు చప్పుడు మా వాడ దాకా వినబడ్డది. మా తమ్ముడు అదే ఇండస్ట్రియల్ ఏరియాలో వేరే కంపెనీలో చేస్తడు. లోపల ఫోన్లు పట్టుకోనియ్యరు. రాత్రి షిఫ్టు అయినంక ఓటీకి ఆగిండు. మధ్యాహ్నం రెండు దాటేదాకా వాడు ఎక్కడున్నడో మాకు తెల్వదు. వాడు ఫోన్ చేసినప్పుడు అమ్మ మాట్లాడలేదు. ఫోను చెవికి పెట్టుకొని నేల మీద కూలబడ్డది.

ఆ ప్రమాదంలో యాభై మందికి పైగా పోయిండ్రు. చానామంది బీహార్, యూపీ, ఒడిశా నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినోళ్లు. డీఎన్ఏ పరీక్ష చేస్తే తప్ప ఎవరు ఎవరో చెప్పలేని పరిస్థితి.

మా తమ్ముడు అంతకు ముందు ఏడాది ఆ కంపెనీలో కూడా పని అడిగిండు, దొరకలేదు. వచ్చే ఆదివారం మందిరంలో ఒకాయన లేచి, "దేవుడు ఆ తలుపు ముందే మూసి నీ కొడుకును కాపాడిండు, సాక్ష్యం చెప్పమ్మా" అన్నడు. అమ్మ లేచింది. "అన్నా, గట్ల అనకు. నా కొడుక్కు తలుపు మూసిన దేవుడు వాళ్ల పిల్లలకు తెరిచిండా? నేను చెప్పను," అని కూసున్నది. మందిరంలో ఎవరూ మాట్లాడలేదు.

తెల్లారి నాలుగున్నరకు లేచింది గాని చదవలేకపోయింది. "నువ్వు చదువు బిడ్డా" అన్నది. గుర్తు కాడ తెరిస్తే 88వ కీర్తన. మిగతా ఏడుపు కీర్తనలు చానా వరకు చివరికి వచ్చేసరికి స్తుతికి తిరుగుతయి. ఇది తిరగదు. చీకట్లోనే ముగుస్తది. నేను చదివి ఆపిన. అమ్మ చానాసేపు ఊకున్నది. "గిది గూడ రాసి పెట్టిండ్రా పుస్తకంల. అయితే సరే," అన్నది. లేచి అన్నం, పచ్చిపులుసు టిఫిన్‌లో కట్టుకొని, కబురు కోసం ఎదురుచూస్తున్న కుటుంబాల దగ్గరికి పోయింది. వాళ్ల భాష ఆమెకు రాదు. ఒక తల్లి పక్కన కూసుండి ఆ తల్లి చెయ్యి పట్టుకొని, ఇద్దరూ తమ తమ భాషలో ఏడ్చిండ్రంట.

తమ్ముడూ, నువ్వు అడిగినదానికి నా జవాబు ఇది. అంతా మంచిగ జరుగుతదని అమ్మ ఎన్నడూ నమ్మలేదు. ఆమె నమ్మింది, తాను ఒంటరి కాదని. ఆ నమ్మకం ఉన్న మనిషికి కాంట్రాక్టర్ పెద్ద దేవుడిలెక్క కనబడడు. యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో, కోతగాళ్లకు ఎగ్గొట్టిన కూలి మొర పెడుతున్నదని, ఆ మొర దేవుని చెవిలో పడ్డదని ఉన్నది. అది చదివిన వారంలోనే అమ్మ తన పీఎఫ్ నంబరు రాసియ్యమని కాంట్రాక్టర్‌ను అడిగింది. రెండు నెలలు తిప్పిండు. ఆరుగురు ఆడోళ్లు కలిసి నిలబడితే ఇచ్చిండు.

ఓర్చుకోండి, పరలోకంలో ఇస్తడు అని మాత్రమే చెప్పే బోధకులు ఉన్నరు. వాళ్లతోటి నాకు పేచీ ఉన్నది, ఉంటది. వాళ్లు ఆ పుస్తకాన్ని వరుసగా చదవాలె.

ఇప్పుడు అమ్మకు కండ్లు సరిగ కనబడుతలేవు. పొద్దున నేనే చదువుతున్న. షెల్ఫులో బాబాసాహెబ్ సంపుటాల పక్కనే ఉంటది ఆ బైబిలు. ఇయ్యాల ఏలీయా కథ వచ్చింది. అలసిపోయి, ఇక చాలు, చచ్చిపోత అని చెట్టు కింద పడుకున్న మనిషి. దేవదూత వచ్చి అతన్ని మందలించడు, లేపి రొట్టె, నీళ్లు ఇస్తడు. మళ్లీ పండుకోనిచ్చి, మళ్లీ లేపి తినమంటడు, ఇంకా చానా దూరం పోవాలె కాబట్టి.

చదువుడు అయినంక అమ్మ, "తమ్ముడు తినిపోయిండా?" అని అడిగింది. తిని పోయిండు. నేను కూడా తిని, యూనియన్ మీటింగుకు పోతున్న.

జై భీమ్. మిగతా ముచ్చట వచ్చే ఆదివారం.