ఏ పాలెం మంచిది?

"మీది వైజాగే కదా! ఈ నెలాఖరుకి ఫ్యామిలీతో వెళ్తున్నాం. చూడాల్సిన మంచి ఏరియాలేవో ఒక లిస్టు పంపు" అని హైదరాబాద్ ఆఫీసులో నా పక్క సీటాయన అడిగాడు. దానికేం, పంపుతానన్నాను. ఆ రాత్రి ఫోన్ తీసి టైప్ చేయబోతే ఆర్కే బీచ్ దగ్గరే ఆగిపోయాను.

అసలు సంగతేమిటంటే మాది వైజాగ్ కాదు. దేవరాపల్లి. చోడవరానికి అవతల, కొండలకి దగ్గరగా ఉంటుంది. ఆ పేరు చెప్తే "గోదావరి వైపు ఉంది, అదా?" అంటారు. చోడవరం అంటే తల ఊపుతారు గానీ తెలియదని మొహంలోనే కనిపిస్తుంది. అందుకే ఇంజినీరింగ్ రోజుల నుంచీ "మాది వైజాగ్" అనేయడం అలవాటైపోయింది. జిల్లా విశాఖపట్నమే కాబట్టి పూర్తిగా అబద్ధం కాదులే అని సర్దిచెప్పుకునేవాణ్ణి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చి మా మండలం అనకాపల్లి జిల్లాలోకి పోయింది. ఆ సాకు కూడా పోయింది. నేను మాత్రం మాట మార్చలేదు.

చిన్నప్పటి నుంచీ వైజాగ్ వెళ్లని ఏడాది లేదు. కానీ మా ఊళ్లో "వైజాగ్ వెళ్తన్నాం" అంటే ఎదుటివాళ్లు అడిగే మొదటి మాట "ఎవరికి బాగోలేదు?" అని. నాకు తెలిసిన వైజాగ్ అంటే ఆర్టీసీ కాంప్లెక్స్, కేజీహెచ్ మెట్లు, ఆ మెట్ల కింద టీ బడ్డీ, మందుల షాపుల వరస, మళ్లీ ఆర్టీసీ కాంప్లెక్స్. ఏడాదికోసారి, ఓపికుంటే బీచ్. అంతే. పదిహేనేళ్లు ఒక ఊరికి తిరిగి కూడా అక్కడ ఏ వీధి బాగుంటుందో తెలియని మనిషిని నేను.

ఆ వారాంతంలోనే నాన్న కళ్లకి చూపించాలి. శుక్లం ముదిరిందన్నారు. పనిలో పనిగా రెండు రోజులు ఉండి నాలుగు వీధులూ తిరుగుదామనుకున్నాను. నాన్నకి చెప్తే "డాక్టరు దగ్గర పనైపోతే బస్సెక్కాలి గానీ, తిరగడమేట్రా?" అన్నాడు.

ఇక్కడ రైవాడ సంగతి చెప్పాలి. శారదా నది మీద మా మండలంలో కట్టిన జలాశయం అది. ఆ నీళ్లు మా పొలాలకీ వెళ్లాలి, విశాఖ నగరం దాహమూ తీర్చాలి. నగరానికి మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, ఏలేరు లాంటివి కూడా ఉన్నాయి, కానీ మా వాటా మాది. "రైవాడ నీళ్లు రైతులకే" అనే మాట నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను. మీటింగుల్లో, ధర్నాల్లో, ఎన్నికలప్పుడు. నాన్నది రెండెకరాలు, కాలువకి చివర. వాన మొహం చాటేసిన ఏడు వరి పొట్ట మీదుండగా ఆఖరి తడి అందక గడ్డి కోసుకున్న రోజులున్నాయి. ఆ రోజుల్లో టీవీలో వైజాగ్ కనిపిస్తే నాన్న ఛానల్ మార్చేసేవాడు. ఆయన్ని పట్టుకుని నేను సిటీ చూపిస్తానంటున్నాను.

మొదటి రోజు ఆసుపత్రి పని మధ్యాహ్నానికే అయిపోయింది. సాయంత్రం బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఎక్కించాను. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది నుంచి మ్యూజియంగా ఒడ్డున కూర్చుంది. లోపల ఒకరి వెనక ఒకరు నడవాలి. ఒకదాని మీద ఒకటి బిగించిన ఇరుకు పడకలు చూసి నాన్న చాలాసేపు కదల్లేదు. వెనక జనం తోస్తున్నారు. బయటికొచ్చాక "మంచినీళ్లు ఎక్కడెట్టుకునేవోరో అడగలేదురా" అన్నాడు. అప్పుడే నాకు అనుమానమొచ్చింది, ఈ రెండు రోజులూ ఇదే నడుస్తుందని.

రెండో రోజు పొద్దున్నే ఎంవీపీ కాలనీ. మంచి ఏరియా అని ఎవర్నడిగినా చెప్పే పేరు అది. సెక్టార్ల లెక్కన వెడల్పాటి వీధులు, చెట్లు, పొద్దున్నే నడిచే మనుషులు. నాన్న నడక ఆపి "ఎంవీపీ అంటే ఏటి?" అన్నాడు. మువ్వలవానిపాలెం అని చెప్పాను. నాకూ ఈమధ్యే తెలిసింది. "అంటే ఇది పాలెవేనా!" అని పెద్దగా నవ్వాడు. అప్పటి నుంచి ఆయనకి పట్నం భయం సగం తగ్గినట్టుంది. ఆటోలో వెళ్తూ బోర్డులు చదవడం మొదలెట్టాడు, శుక్లం కంటితోనే. మద్దిలపాలెం. రేసపువానిపాలెం. అక్కయ్యపాలెం. తాటిచెట్లపాలెం. మర్రిపాలెం. "ఇన్ని పాలేలు కలిపి ఒక సిటీ అన్నారా వీళ్లు!"

నేను ఇన్నేళ్లూ ఆ పేర్లని బస్సు స్టాపులుగానే విన్నాను. ఒక్కో పాలెం వెనక ఎవరివో పొలాలు, ఎవరిదో ఇంటిపేరు, ఒక తాటితోపు ఉండుంటాయని తట్టలేదు. నేను "మాది వైజాగ్" అని దాచుకున్న లాంటి ఊళ్లే అన్నీ. ఒకటే తేడా, వాటి దగ్గరికి పట్నం నడిచొచ్చింది.

కాలనీ రైతుబజార్‌లో నాన్న బెండకాయలు విరిచి చూసి, రేటడిగి, కొనకుండా అమ్ముతున్నావిడతో పావుగంట మాట్లాడాడు. ఆనందపురం వైపు నుంచి తెస్తుందట. నీటికి బోరా, చెరువా అని అడిగాడు. బోరే అంది. ఇద్దరూ కరెంటు గురించి విచారించారు.

అక్కణ్ణుంచి వన్ టౌన్. నా మటుకు నాకు అదే అసలైన వైజాగ్ అనిపించింది. 1933లో పోర్టు మొదలవక ముందు నుంచీ ఉన్న ఊరు అది. కురుపాం మార్కెట్‌లో మసాలా దినుసుల ఘాటుకి తుమ్ముకుంటూ, పూజా సామాన్ల కొట్ల మధ్య నుంచి నడిచి, రాస్ హిల్ ఎక్కాం. పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. కింద ఓడలొచ్చే కాలువ, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్. రావిశాస్త్రి కథల్లో కోర్టు చుట్టూ, సారా చుట్టూ తిరిగే మనుషులు ఈ సందుల్లోంచే నడిచుంటారని నాన్నకి చెప్దామనుకున్నాను. ఆయన ఓడ వైపు చూస్తూ "ఉప్పునీటికి కాలవ ఎంత బాగా తవ్వేరో సూడు" అన్నాడు. ఏం చెప్పను?

ఆఖరున కంచరపాలెం. 2018లో వచ్చిన సినిమా వల్ల పక్క సీటాయనకి ఆ పేరు తెలుసు కాబట్టి లిస్టులో పెట్టాలి. అక్కడి మనుషులే ఎక్కువమంది నటించిన సినిమా అది. ప్రత్యేకంగా చూపించడానికేం లేదు. అరుగుల మీద కూర్చున్న ముసలాళ్లు, ఇరుకు సందుల్లో బళ్లు, ఒక వీధి కుళాయి దగ్గర బిందెల వరస. మేం వెళ్లేసరికి నీళ్లొస్తున్నాయి. నాన్న అక్కడ నిలబడిపోయాడు.

నాకు కంగారు పుట్టింది. కాలువ చివర పొలం, ఎండిన పైరు, ఇన్నేళ్ల కోపం ఇక్కడ తీసి ఎవరి మీద పెడతాడోనని. నాన్న మెల్లగా ఒకావిడని అడిగాడు: "ఇది రైవాడ నీరేనా అమ్మా?"

ఆవిడ బిందె మారుస్తూ తలెత్తింది. "ఏ వాడైతే ఏటి బాబూ, కుళాయి నీరు. తాగుతావేటి?"

గ్లాసు లేదు. చెంబుతో పోస్తే దోసిలి పట్టి తాగాడు. మూతి తుడుచుకుని "ఎంతసేపొస్తాది?" అన్నాడు. ఎప్పుడాగిపోతుందో చెప్పలేం, అందుకే ఈ పరుగు అంది ఆవిడ. నాన్న తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు తెలుసు. కాలువ గట్టు మీద పక్క పొలం రైతు "ఈసారి వంతు ఎప్పుడొస్తాదో" అంటే ఊపే రకం అది. నిండిన బిందె ఒకటి పక్కకి జరిపిచ్చి వచ్చేశాడు.

తిరుగు బస్సులో కొత్తవలస వైపు వెలుగులు వెనక్కి పోతుంటే అడిగాను, కోపం రాలేదా అని. "ఆవిడ మీదా?" అన్నాడు. కాసేపాగి, "మన నీరు మనకి రావాల. అది వేరే మాట. దానికి అడగాల్సినోళ్లు వేరే" అని కిటికీకి తల ఆన్చి నిద్రపోయాడు.

లిస్టు పంపాను. పొద్దున్న ఎంవీపీ, రైతుబజార్. మధ్యాహ్నం ఎండ పెరక్కముందే కురుపాం మార్కెట్, రాస్ హిల్. సాయంత్రం కురుసుర, బీచ్ రోడ్డు. టైముంటే కంచరపాలెం, ఊరికే నడవడానికి. కింద ఇంకో లైను రాశాను: "మాది వైజాగ్ కాదు, దేవరాపల్లి. మూడో రోజుంటే రండి. రైవాడ గట్టు మీద నుంచి చూపిస్తాను, మీరు హోటల్లో తాగే నీళ్లు ఎక్కడి నుంచి బయల్దేరతాయో."

ఆయన నుంచి వెంటనే జవాబొచ్చింది. "అరె, పదేళ్ల నుంచి చెప్పలేదేంటి?"

దానికి మాత్రం ఇంకా ఏమీ రాయలేదు.