అడగని పాఠం

పుంగనూరు పక్క ఎరుకల పిల్లలం మేం ముగ్గురం. కుప్పంలో చదువు ముగించి, మదనపల్లెలో ఒక ఇంటర్వ్యూకు పోయినాము. రాత్రంతా చదివిన పాఠాల్లో ఒక్కటీ అడగలేదు.

"ఈ గదిలో ఎన్ని టమాటాలు పడతాయి?" అన్నారు. మాలో ఒకడు "తెలియదు సార్" అని లేచి వచ్చేసినాడు. ఇంకొకడు మార్కెట్టులో పెట్టెలు మోసినవాడు. పైకే లెక్క కట్టినాడు: గది 1000 ఘనపుటడుగులు, పెట్టెకు 2 అనుకుంటే 500 పెట్టెలు, పెట్టెకు 300 కాయలైతే 1,50,000. సరైన అంకె అడిగినవాళ్ళకూ తెలియదు. వాళ్ళు చూసేది ఆలోచన నడిచే దారిని.

మూడో ఆమెను, "ఎరుకలవాళ్ళు కదా, మాకు సోది చెప్పమ్మా" అని నవ్వినారు. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిన నేరస్థ జాతుల చట్టం మా వాళ్ళను పుట్టుకతోనే దొంగలంది. తర్వాత చట్టం పోయింది, ఆ చూపు పోలేదు. ఆమె తల దించలేదు. "మా అవ్వ సోది చెప్పేముందు ఎదుటి మనిషి మాట పూర్తిగా వినేది సార్. మీ దగ్గర కొనేవాళ్ళు ఏమంటున్నారో ముందు చెప్పండి." నవ్వు ఆగింది.

ఉద్యోగం లెక్క చెప్పినవాడికే వచ్చింది. ఆమె మాట మాత్రం మా అందరికీ మిగిలింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వింత ప్రశ్న వస్తే లేచి రావద్దు. "ఒక నిమిషం ఇవ్వండి" అని అడగండి, తెలిసినదాన్నుంచి మొదలుపెట్టండి. కులాన్ని ఎగతాళి చేస్తే, "ఇది ఈ పనికి సంబంధించిన ప్రశ్న కాదు" అని మర్యాదగా చెప్పే హక్కూ మనకుంది. అయ్యవార్లారా, బడిలోనే ఇట్లాంటి ప్రశ్నలు వేయండి. మా పిల్లలు గంపల లెక్కతోనే జవాబు చెబుతారు.