మర్చిపోయే నాన్న, గుర్తుంచుకునే కూతురు

నాకు కంట్రీ మ్యూజిక్ పెద్దగా తెలీదు. ఓ రాత్రి ఇయర్‌ఫోన్స్‌లో గ్లెన్ కాంప్‌బెల్ పాట వినిపించింది. పేరు ‘ఐయామ్ నాట్ గాన్నా మిస్ యూ’. నువ్వు లేకపోయినా బెంగలేదంటున్నాడంటే బ్రేకప్ పాటేమో అనుకున్నా. కాదు.

ఈ అమెరికన్ గాయకుడికి 2011లో అల్జీమర్స్ అని తేలింది. అయినా ఇంట్లో కూర్చోలేదు. వీడ్కోలు టూర్‌కి బయల్దేరి 151 షోలు చేశాడు. పదాలు మర్చిపోతాడని ఎదురుగా టెలిప్రాంప్టర్ పెట్టేవారు. స్టేజీ మీద కూతురు ఆష్లీ బాంజో వాయించేది. ఆ ప్రయాణమే ‘ఐల్ బీ మీ’ డాక్యుమెంటరీ. దాని పాటల ఆల్బమ్‌కి 2016లో గ్రామీ వచ్చింది.

ఆ ఆల్బమ్‌లో రెండు పాటలు నన్ను వదల్లేదు. ఒకటి నాన్నది. 2013లో రికార్డు చేశారు. జబ్బు తనదే అయినా నొప్పి మాత్రం ఇంట్లోవాళ్లదేనని ఒప్పుకుంటాడు అందులో. తనకి ఏదీ గుర్తుండదు కదా! రెండోది ఆష్లీ రాసి పాడిన ‘రిమెంబరింగ్’. ఆ గుర్తుంచుకునే పనేదో తను చూసుకుంటానని నాన్నకి భరోసా ఇస్తుంది.

మా అమ్మమ్మ ఈమధ్య నన్ను మా అమ్మ పేరుతో పిలుస్తోంది. ‘నేను అమ్మని కాదు అమ్మమ్మా’ అని ప్రతిసారీ సరిదిద్దేదాన్ని. పాపం, మొహం చిన్నబుచ్చుకునేది. ఆ రెండు పాటలూ విన్నాక మానేశా.

నిన్న మళ్లీ అదే పేరుతో పిలిచి, ‘అన్నం తిన్నావా?’ అనడిగింది.

‘తిన్నానమ్మా’ అన్నా.