లోణార్ అంచున ఒక పాఠం

మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో చేలూ చెలకలూ దాటి లోణార్ పొలిమేర చేరిన బాటసారికి మొదట ఏ వింతా కనిపించదు. గట్టెక్కి నిలిచినప్పుడు మాత్రం ఎదుట నేల ఒక్కసారిగా కుంగిపోయి ఉంటుంది. సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పున, 130 మీటర్లకు పైగా లోతున గుండ్రని మూకుడువంటి పల్లం. దాని అడుగున పచ్చని ఉప్పునీటి సరస్సు. సరస్సు చుట్టూ అడవి, అడవిలో పాడుపడిన గుడులు.

విష్ణువు లవణాసురుణ్ణి వధించిన చోటు ఇదేనని స్థలపురాణం. ఆ కథకు గుర్తుగా ఊరిలో దైత్యసూదన ఆలయం నిలిచి ఉన్నది. 1823లో అలెగ్జాండర్ అనే బ్రిటిష్ అధికారి దీనిని గురించి లోకానికి తెలిపాడు. చాలాకాలం దీనిని అగ్నిపర్వత బిలమని తలచారు. ఆకాశంనుంచి పడిన ఉల్క తాకిడికి ఏర్పడినదని ఇరవయ్యవ శతాబ్దంలో రుజువైంది. లావా గడ్డకట్టగా ఏర్పడిన దక్కన్ నల్లరాతిలో ఇంత చక్కగా నిలిచిన ఉల్కాబిలం అరుదు గనుక, చంద్రుడినీ కుజుడినీ పరిశీలించే శాస్త్రజ్ఞులు సైతం లోణార్ రాళ్లను వెదుక్కుంటూ వస్తారు.

ఒక శీతకాలపు ఉదయం తెలుగునేలనుంచి ఒక కళాశాల భూగోళశాస్త్ర విద్యార్థులు ఇక్కడికి వచ్చారు. వెనుకటి తరం విద్యార్థుల సంచులలో సర్వే పటం, దిక్సూచి, సుత్తి ఉండేవి. వీరి చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి. ఉపగ్రహ చిత్రాలను ముందురోజు రాత్రి బసలోనే వాటిలోకి దింపుకున్నారు. కొండకోనల్లో సిగ్నలును నమ్ముకోరాదని వారి అధ్యాపకుడు ముందే హెచ్చరించాడు. సిగ్నలు లేకపోయినా, తానెక్కడ నిలిచి ఉన్నదీ ఫోను ఉపగ్రహాల సాయంతో చెప్పగలదు. సుత్తికి మాత్రం ఇక్కడ పనిలేదు. ఇది అభయారణ్యం. రాయిని ఉన్నచోటనే ఫోటో తీసి, ఆ చోటును పటంమీద గుర్తించి వదలిపెట్టాలి.

బృందంలో ఒక అమ్మాయి ఊతకర్రలతో నడుస్తుంది. సరస్సు ఒడ్డుకు దిగే బాట నిటారుగా, రాళ్లతో నిండి ఉన్నది. "నువ్వు పైనే ఉండమ్మా, వాళ్లు వచ్చి చెబుతారులే" అన్నాడు అధ్యాపకుడు. అందులో దయ ఉన్నది, కాని ఇటువంటి దయకు ఆమె ఎన్నోసార్లు తలవంచింది. "చెప్పించుకోవడానికైతే ఇంటిదగ్గరే ఉండేదాన్ని కద సార్" అన్నది మెల్లగా.

ఇటువంటి చిక్కు ఆమె ఒక్కతెది కాదు. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ భూగర్భశాస్త్ర శిబిరాలలో 2006 ప్రాంతంలోనే దీనికొక ఉపాయం పన్నారు. బ్యాటరీలతో నడిచే చిన్న వైర్‌లెస్ యంత్రాలను కొండలమీద నిలిపి, నడవలేని విద్యార్థులు దగ్గరలో వాహనంలో కూర్చునే రాళ్లను చూసేటట్లు, అక్కడివారితో మాట్లాడేటట్లు ఏర్పాటు చేశారు. చూసి చెప్పమనడం కాదు, ఎటు చూడాలో తామే నిర్ణయించడం అందులోని కీలకం.

లోణార్‌లో అంతటి ఏర్పాటు లేదు. ఉన్నవి రెండు ఫోన్లు, ఒక స్నేహితురాలు. "ఏమే, కనిపిస్తోందా?" అని సగం బాటనుంచి ఆమె అరిచింది. కనిపించింది. "కుడిపక్కకు తిప్పు. ఆ రాతి పొరలు ఎటు వాలి ఉన్నాయో చూడు" అని పైనుంచి ఆజ్ఞలు సాగాయి. మామూలుగా అడ్డంగా పరచుకొని ఉండే లావా పొరలు బిలం అంచున వెలుపలికి వంగి ఉంటాయి. తాకిడి ఎంతటిదో ఆ వంపే చెబుతుంది. అది చూస్తుండగానే మాట తెగిపోయింది, బొమ్మ నిలిచిపోయింది.

మిగిలిన రెండు గంటలు ఆమె ఊరకుండలేదు. ఉపగ్రహ చిత్రాన్ని ఎదుటి దృశ్యంతో పోల్చి, అంచు ఎక్కడ ఎత్తుగా ఉన్నదో, ఎక్కడ కోసుకుపోయిందో, ఊటలు ఏ దిక్కునుంచి సరస్సుకు చేరుతున్నాయో గీసుకున్నది. 2020లో లాండ్‌శాట్ 8 తీసిన రెండు చిత్రాలు కూడా ఆమెవద్ద ఉన్నాయి. మే 25న పచ్చగా ఉన్న సరస్సు జూన్ 10 నాటికి గులాబిరంగు పూసుకున్నది. నీరు తగ్గి ఉప్పదనం పెరగగా, ఉప్పును ప్రేమించే సూక్ష్మజీవులు పెచ్చుపెరిగి ఆ రంగు తెచ్చాయని తరువాత పరిశోధకులు తేల్చారు. ఆ ఏడాదే లోణార్‌కు రామ్‌సర్ చిత్తడినేలగా అంతర్జాతీయ గుర్తింపు లభించింది.

అన్ని ప్రశ్నలకూ యంత్రాలు ఒకే జవాబు ఇవ్వవు. బిలం వయస్సు సుమారు 50 వేల ఏళ్లని ఒక పద్ధతి చెప్పగా, 5 లక్షల 70 వేల ఏళ్లని మరొక పద్ధతి చెప్పింది. అంకె కనబడగానే నమ్మవద్దని అధ్యాపకుడు బాటలో దీనినే ఉదాహరణగా చూపాడు.

మధ్యాహ్నం చెమటలు కక్కుతూ పైకి వచ్చినవారి వద్ద ఫోటోలున్నాయి, నీటిలో ముంచిన క్షారపరీక్ష కాగితాల రంగులున్నాయి, పక్షుల పేర్లున్నాయి. అవన్నీ ఎక్కడెక్కడివో ఆమె గీసిన పటంమీద పెట్టి చూసేసరికి చెదురుమదురు ముక్కలకు ఒక రూపం వచ్చింది. "లోపల తిరిగినంతసేపూ చెట్లే తప్ప ఇది గుండ్రంగా ఉన్నదని మాకు తెలియనే లేదు" అన్నది స్నేహితురాలు.

అధ్యాపకుడు ఆ పటాన్ని చాలాసేపు చూశాడు. మరుసటి ఏడు వచ్చే బృందంలో నడవగలిగినవారైనా సరే, ఒకరు అంచుమీద ఉండి తీరాలని తన పుస్తకంలో వ్రాసుకున్నాడు. తరువాత ఆ పటానికి నకలు కావాలని ఆమెను అడిగాడు.